జామీను మావ తువ్వాలు

పోయిన నెల మా ఎదురింటావిడ కొడుకు ఏదో మోటారుసైకిలు తగాదాలో ఇరుక్కున్నాడు. ఎవరైనా పూచీ ఉంటే పంపిస్తామన్నారట స్టేషన్లో. ఆవిడ వీధి వీధంతా తిరిగింది. ఒకాయనకి బీపీ. ఇంకొకాయనకి పెళ్ళికి వెళ్ళే తొందర. మూడో ఇంట్లో అసలు తలుపే తియ్యలేదు, లోపల టీవీ మాత్రం గట్టిగా మోగుతూనే ఉంది. నాకు ఒళ్ళు మండి చెప్పులేసుకుని బయల్దేరాను. ఎస్సై కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, "మీకేమవుతాడు మామ్మగారూ?" అన్నాడు.

"ఎరిగినవాడు బాబూ" అన్నాను.

అనేశాక నాకే తట్టింది. ఆ మాట నాది కాదు, మా మేనమావది. ఆయన పోయి ఎంతకాలమైందో! ఉన్నట్టుండి నా నోట్లోంచి ఆయనే పలికినట్టయింది. ఇంటికొచ్చి ఆ పూట వంట కూడా చెయ్యలేదు. మజ్జిగన్నం తిని ఆయన్నే తలుచుకుంటూ కూర్చున్నాను.

మా అమ్మకి తోడబుట్టినవాడు. నెల్లిమర్ల దగ్గర మా ఊరు. ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు. పిల్లా పెద్దా అందరికీ ఆయన 'జామీను మావ'. మిల్లుకి గోగునార వేసే రైతు. గోగు కట్టలు నీళ్ళలో నానేసి నార తీసే రోజుల్లో ఆయన దగ్గరికొస్తే ముక్కు మూసుకోవాల్సిందే. ఆ కుళ్ళు కంపు ఏ సబ్బుకీ లొంగదు. "ఆ వాసనతోనే కోర్టుకెల్తాడు. అందుకే జడ్జీబాబు ఈయన మాట వేగిరం ఒప్పేసుకుని పంపించేస్తన్నాడు" అనేది మా అత్త.

కోర్టుకి ఎందుకంటారా? ఆ చుట్టుపక్కల ఎవరికి ఏ చిక్కొచ్చినా, గట్టు తగాదా కానీ, సారా కేసు కానీ, సంతలో కర్రలు లేచిన కేసు కానీ, ముందు మావయ్య ఇంటికే లగెత్తుకొచ్చేవారు. ఆయన పేరున కాస్త మెరక పొలం, దానికో పట్టా ఉన్నాయి. వాటికంటే ఎక్కువగా విజయనగరం కోర్టులో ఆయన మాటకి విలువుంది. "ఈ మనిషి పారిపోడు, పిలిచిన రోజున నేను తెచ్చి మీ ముందు నిలబెడతాను" అని పూచీ పడేవాడు. అదే జామీను. దానికి ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాడు. పైగా బస్సు దిగాక ఆ మనిషికి కాఫీ కూడా తనే ఇప్పించేవాడు.

మేజిస్ట్రేటు ప్రతిసారీ అడిగేవాడు, "నీకేమవుతాడయ్యా?" అని. మావయ్య ప్రతిసారీ ఒకటే మాట: "ఎరిగినోడు బాబూ." సొంత పినతండ్రి కొడుకు కేసులో కూడా అదే మాట అన్నాడని తెలిసి నేను ఊరుకోలేకపోయాను.

"అదేటి మావా, తమ్ముణ్ణి ఒట్టుకుని ఎరిగినోడంతావేటి?"

"సుట్టమంటే పేగు లాగి సెప్తన్నాడనుకుంతారే పిల్లా. ఎరిగినోడంటే నమ్ముతారు" అన్నాడు.

ఇక ఆ తువ్వాలు. మామూలు రోజుల్లో అది భుజం మీద ఉండేది. కోర్టు మెట్లెక్కేటప్పుడు అందరిలాగే తీసి నడుముకి కట్టుకునేవాడు. అందరూ మెట్లు దిగగానే మళ్ళీ భుజాన వేసుకుంటారు. మావయ్య వేసుకునేవాడు కాడు. ఆ కేసు తేలి, తను పూచీపడిన మనిషి బయటపడేదాకా అది నడుముకే. పొలంలోనూ అంతే, పెళ్ళి పందిట్లోనూ అంతే. "మాటిచ్చి వచ్చేసేక కోర్టు అయిపోనట్టేటి? మనం ఇంకా ఆ బాబు ముందు నిలబడున్నట్టే" అనేవాడు. ఆయన తువ్వాలు ఎక్కడుందో చూసి, ఊళ్ళో ఇప్పుడు కేసులో ఎవరైనా ఉన్నారో లేదో చెప్పేసేవారు మా వాళ్ళు.

ఒకసారి ఒకడు పారిపోయాడు. భోగాపురం వైపు నుంచి వచ్చి మా ఊళ్ళో కూలికి కుదిరినవాడు. ఏదో దొంగతనం వాడి మీద పడింది. మావయ్య జామీను ఉన్నాడు. వాడు రాత్రికి రాత్రి పడవెక్కాడో రైలెక్కాడో, మళ్ళీ కనపడలేదు. మావయ్య ఎడ్ల జతని అమ్మి కోర్టుకి కట్టాడు. ఎడ్లని తోలుకెళ్తుంటే మా అత్త వీధిలో కూలబడి ఏడ్చింది. "ఊరందరికీ నువ్వు జామీను. మనింటికి ఎవులు జామీను?" అని అరిచింది. మావయ్య ఖాళీ అయిపోయిన కొట్టాంలో పలుపుతాళ్ళు చుట్టుకుంటూ, మెల్లిగా అన్నాడు, "ఆడు పారిపోనాడు. నాను పారిపోనేదు గదే."

నాకు ఆయనంటే ప్రాణం. కానీ ఆయన మనసు నేను ఒకసారి గట్టిగానే నొప్పించాను. మేనరికం కాదన్నాను. ఆయన కొడుకుని చేసుకోనన్నాను. చిన్నప్పటినుంచీ నా జడకి గోగుపుల్లలు కట్టి ఏడిపించిన బావతో కాపరం చెయ్యడమా! ఎక్కణ్ణించో వచ్చి మా ఊరి బళ్ళో చేరిన మాస్టారిని చేసుకున్నాను. మావయ్య ఒక్క మాట అనలేదు. పెళ్ళికి అరిటిగెలలు మోసుకొచ్చాడు, పందిరి వేశాడు. అయితే ఆ రోజు మొదలు మా ఆయన్ని 'మాస్టారూ' అనే పిలిచేవాడు. అల్లుడా అని వరస పెట్టి ఒక్కనాడూ పిలవలేదు. నోరారా ఊరందరినీ పిలిచే మనిషి, మా ఆయన దగ్గరికొచ్చేసరికి గౌరవం మొదలెట్టేవాడు. ఆ గౌరవం నాకు చెంపదెబ్బలా తగిలేది.

అరవయ్యో దశకం చివర్లో ఎక్కడ విన్నా ఒకటే మాట, చట్టం. విచారణ లేకుండా మనిషిని లోపల పెట్టే చట్టం అప్పటికే ఒకటుంది. దాని గడువు పొడిగిస్తారని, అది చాలక దేశభద్రత పేరున ఇంకా గట్టిది తెస్తారని పేపర్లు రాశాయి. కొండల మీద గొడవలు ముదురుతున్న రోజులు. భూములున్నవాళ్ళు, ఇలాంటి చట్టం లేకపోతే బతకలేమనేవారు. మిల్లు కార్మికులు, అది రేపు మన మెడకే చుట్టుకుంటుందనేవారు. టీ కొట్టు దగ్గర గ్లాసులు పగిలాయి. వియ్యంకులు మాటలు మానుకున్నారు.

మా అరుగు మీదా రెండు పార్టీలే. మా ఆయన వద్దనే పార్టీ. మావయ్య కావాలనే పార్టీ.

"సట్టం గట్టిగుంటే దొంగోడికి బయ్యముంటాది. ఆళ్ళు పట్టుకుంతారు, మనం జామీనుకెల్తాం. ఎప్పుడూ ఉన్నదే గదా" అనేవాడు మావయ్య.

"అందులో జామీను ఉండదు మావయ్యా" అని మా ఆయన నెత్తీ నోరూ కొట్టుకునేవాడు.

మావయ్య నవ్వేవాడు. "జామీను నేని సట్టమేటి మాస్టారూ! తలుపు నేకండా ఇల్లు కడతారేటి ఎవులైనా?"

ఆయన్ని తప్పు పట్టలేం. తనకి తెలిసిన చట్టంలో ఎప్పుడూ తను నిలబడే చోటొకటి ఉంది. అది లేని చట్టం ఉంటుందని ఆ మనిషికి ఊహకైనా అందలేదు.

అలా ఉండగా సంతలో ఓ శనివారం మీటింగు పెట్టారు. విజయనగరం నుంచి ఓ ముసలి ప్లీడరుగారు వచ్చి బండి మీద నిలబడి ఆ చట్టం గురించి చెప్పారు. ఒక పక్క ఉప్పుచేపల గంపలు, ఇంకో పక్క మేకల అరుపులు. నేను కుండల బేరం మానేసి వింటున్నాను. జనం మధ్యలోంచి మావయ్య లేచాడు. లేచినవాడు తువ్వాలు భుజం మీంచి తీసి నడుముకి కట్టుకున్నాడు. అది సంత అని ఆయనకి గుర్తున్నట్టు లేదు.

"బాబూ, ఒక మాట. తవరు సెప్పిన సట్టం కింద మనిసిని పట్టుకెల్తారు. బాగున్నాది. మరి ఆ మనిసిని ఎరిగినోడు ఒకడుంటాడు గదా. ఆడు వచ్చి ఎక్కడ నిలబడాల?"

ప్లీడరుగారు ఆయన వైపు తిరిగారు. మైకు కూడా దించేశారు. "నిలబడడానికి చోటు లేదు నాయనా. అందుకే వద్దంటున్నాం" అన్నారు.

మావయ్య అలాగే నిలబడ్డాడు. వెనకవాళ్ళు "కూకో మావా, కనబడ్డం నేదు" అని కేకేస్తే అప్పుడు కూర్చున్నాడు. తర్వాత మా ఆయన బండెక్కి మాట్లాడాడు. ఏ తప్పూ రుజువు చెయ్యకుండా మనిషిని బంధించడం తప్పు అన్నాడు, అడిగే నోరు లేకపోతే ఆ చట్టం ఎవరి మీదికైనా వస్తుందన్నాడు. చేతులు ఊపుతూ గొంతు పోయేదాకా అన్నాడు. జనం చప్పట్లు కొడుతుంటే నాకు గర్వంగానూ ఉంది, బెదురుగానూ ఉంది. అప్పటికి నాకు నెల తప్పింది.

మావయ్య ఖాళీ చేతులతో మా వెనకే నడిచొచ్చాడు. అత్త చెప్పిన ఉప్పుచేప తేవడం కూడా మర్చిపోయాడు. మా గుమ్మం దగ్గర ఆగి నాతో మాత్రం, "ఆ మాస్టారు సెప్పింది నిజమేనే" అని వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి మా ఆయన్ని పట్టుకెళ్ళారు. మిట్ట మధ్యాహ్నం, బడిలో పిల్లలు ఎక్కాలు చదువుతుంటే జీపు వచ్చి ఆగిందట. కలెక్టరుగారి ఉత్తర్వు అన్నారు, ఎక్కించుకున్నారు. పిల్లలు పలకలు పారేసి ఏడుస్తూ మా ఇంటికొచ్చారు. ఎవరు కబురు చెప్పారో, మావయ్య గోగు మడిలోంచి అలాగే వచ్చాడు. చేతులనిండా నార, ఆ కంపు. చేతులు కడుక్కుని, చలువ పంచె కట్టుకుని, పట్టా గుడ్డలో చుట్టుకుని, తువ్వాలు నడుముకి బిగించాడు.

"ఎక్కడికి మావా? దాన్లో జామీను నేదు గదా! ఆ ప్లీడరుగారు సెప్పనేదేటి?"

"నేకపోతే నేదు. నాను ఉంతాను" అన్నాడు.

కోర్టులో గుమస్తా వివరంగా చెప్పాడట, ఇది మా కోర్టు కేసు కాదు, మనిషి పెద్ద జైల్లో ఉన్నాడు, ఇందులో నీ పట్టా ఎవరూ చూడరు అని. మావయ్య అంతా విని, "అలగే బాబూ" అని, ఎప్పుడూ నిలబడే స్తంభం పక్కకే వెళ్ళి నిలబడ్డాడు. కోర్టు మూసేదాకా అక్కడే ఉన్నాడు. తర్వాతి వారం మళ్ళీ వెళ్ళాడు. ఆ తర్వాతా వెళ్ళాడు. జామీను మావకి మతి పోయిందని ఊళ్ళో నవ్వుకున్నారు. నేనూ అనుకోలేదని చెప్పను.

ఒకరోజు నేనూ ఆయన వెంట వెళ్ళాను. మేజిస్ట్రేటు లోపలికి వెళ్తూ ఆగాడు.

"ఏమయ్యా జామీనూ, ఎవరికోసం?"

"మాస్టారి కోసం బాబూ."

"ఆ వ్యవహారం నా చేతిలో లేదయ్యా. ఎన్నిసార్లు చెప్పించాను?"

"తెల్సు బాబూ. తవరి సేతిలో నేదు, నా సేతిలో నేదు. కానీ ఎప్పుడైనా, ఎవులైనా, ఈ మనిసి తరపున ఎవులున్నారని అడిగితే, ఒకడు పలకాల గదా."

మేజిస్ట్రేటు లోపలికి వెళ్ళాక బంట్రోతు చేత ఓ బెంచీ పంపించాడు. మావయ్య దాని మీద నన్ను కూర్చోబెట్టి తను నిలబడ్డాడు.

నాకు నెలలు నిండుతున్నాయి. అప్పుడే పైనుంచి ఒక మాట వచ్చింది. సంతలో తను మాట్లాడింది తప్పని ఒప్పుకుని, ఇకమీదట మాట్లాడనని సంతకం పెడితే మాస్టారిని వదిలే ఆలోచన చేస్తారట. నాకు ప్రాణం లేచొచ్చింది. పెట్టెయ్యమని చెప్పడానికి మావయ్యని తీసుకుని రెండు బస్సులు మారి జైలుకి వెళ్ళాను. కటకటాల అవతల మా ఆయన గడ్డం పెరిగి, బుగ్గలు పీక్కుపోయి ఉన్నాడు. చూడగానే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే విషయం చెప్పాను. "పెట్టెయ్యండి. ఇంటికొచ్చేయండి. ఇంకేటీ వద్దు నాకు" అన్నాను.

ఆయన నా మీంచి చూపు తిప్పుకున్నాడు. మావయ్య వైపు చూశాడు. మావయ్య కటకటాల దగ్గరికి జరిగాడు.

"మాస్టారూ, సంతలో మీరు సెప్పింది అబద్దమేటి?"

"కాదు మావయ్యా."

"తెలిసే సెప్పేరు గదా?"

"తెలిసే."

"మరైతే మీ ఇష్టం. సంతకం పెట్టినా మీరు మా పిల్ల మొగుడే, మిమ్మల్ని ఇంటికి తీసుకెల్తాను. కానీ అబద్దం మీద పెట్టే సంతకానికి మాత్రం నాను జామీనుండలేను."

మా ఆయన తల వంచుకుని నాతో, "నన్ను క్షమించవే" అన్నాడు. సంతకం పెట్టలేదు.

బస్సులో మావయ్యని నానా మాటలూ అన్నాను. "మీ మొగోళ్ళిద్దరికీ నాను అక్కర్నేదు, నా కడుపు అక్కర్నేదు. మేనరికం కాదన్నందుకు కసి తీర్చుకుంతన్నావు" అని కూడా అనేశాను. ఆ మాట ఆయన్ని కోసేసి ఉంటుంది. అయినా బస్సు ఆగిన చోట దిగి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కొనుక్కొచ్చాడు. ఒక్కొక్క కాయే ఒలిచి, గింజలు నా అరచేతిలో పోశాడు. విజయనగరం వచ్చేదాకా ఒలుస్తూనే ఉన్నాడు. నేను తింటూ తిడుతూ, తిడుతూ తింటూ వచ్చాను.

ఆడపిల్ల పుట్టింది. ఉయ్యాలలో వేసిననాడు పేరంటాళ్ళందరి ముందూ అత్త, "శుభమా అని తువ్వాలు బుజం మీదేసుకో" అని బతిమాలింది. మావయ్య నడుము తడుముకుని, "మాస్టారొచ్చేక" అన్నాడు. పిల్లని ఎత్తుకుని ఆయన గోగు కంపు కొట్టే వేళ్ళతో దాని బుగ్గ నిమిరితే అది తుమ్మింది. ఆయన నవ్వు చూడాలి అప్పుడు! ఆ నవ్వుకే నేను ఆయన్ని క్షమించేశాను.

పిల్ల బోర్లాపడే నాటికి, పైన కాగితాలు చూసే పెద్దలెవరో ఈ మనిషిని ఉంచడానికి తగిన కారణం లేదన్నారట. మా ఆయన ఒకనాటి పొద్దున్న బస్సు దిగి నడిచొచ్చాడు. వీధంతా మా వాకిట్లోనే. నేను ఎర్రనీళ్ళు కలిపి దిష్టి తీశాను. మావయ్య జనాన్ని తోసుకుని వచ్చి, మా ఆయన జబ్బ పట్టుకుని నొక్కి చూసి, "శానా సిక్కిపోనారు. గంజి పొయ్యండి ముందు" అన్నాడు. గంజి తాగేదాకా ఆగాడు. తాగగానే, "ఇక పదండి" అన్నాడు.

"ఎక్కడికి?"

"కోర్టుకి."

"ఓలమ్మా! మళ్ళీ కోర్టేటి మావా? వదిలేసినారు గదా!"

"ఆళ్ళు వదిలేసినారు. నాను తెచ్చి అప్పజెప్పాల గదే. మనిసిని ఎదర నిలబెట్టకండా జామీను ఎలగ తీరతాది?"

ఎవరు చెప్తే వింటాడు? చంటిపిల్లతో సహా అందరం బస్సెక్కాం. కోర్టులో ఆ పూట కేసులన్నీ అయ్యేదాకా స్తంభం పక్కన నిలబడ్డాం. చివరికి బంట్రోతు వెళ్ళి లోపల ఏదో చెప్పాడు. రమ్మన్నారు. మావయ్య మా ఆయన మోచెయ్యి పట్టుకుని నడిపించుకెళ్ళి ముందు నిలబెట్టాడు.

"మాస్టారు బాబూ. తెచ్చేను."

ఆ మేజిస్ట్రేటు కసిరి పంపించెయ్యచ్చు. అక్కడ ఏ కాగితంలోనూ మా ఆయన పేరు లేదు. అయినా మేజిస్ట్రేటు కలం కింద పెట్టాడు. ఎప్పుడూ మావయ్యని అడిగే ప్రశ్న ఈసారి మా ఆయన్ని అడిగాడు.

"ఈయన నీకేమవుతాడు?"

మా ఆయన సంగతి నాకు తెలుసు. నోరు విప్పితే ఉపన్యాసమే. ఇప్పుడు చట్టం గురించి ఏం మొదలెడతాడో అని నేను పిల్లని గట్టిగా పట్టుకున్నాను. ఆయన మావయ్య వైపు తిరిగి, ఆ నడుముకున్న తువ్వాలు చూసి,

"నా జామీనండి" అన్నాడు.

మేజిస్ట్రేటు తలూపాడు. "మనిషి హాజరయ్యాడు. ఇక నువ్వు వెళ్ళచ్చు" అన్నాడు మావయ్యతో.

వరండాలోకొచ్చాక మావయ్య ముడి విప్పుకున్నాడు. ఇన్నాళ్ళ ముడి, ఊడి రాలేదు. నేను పిల్లని మా ఆయన చేతికిచ్చి, నా గోళ్ళతో ఊడదీశాను. తువ్వాలు మధ్యలో ముడత అలాగే ఉండిపోయింది. ఆయన దాన్ని రెండుసార్లు దులిపి, భుజం మీద వేసుకుని, చంటిదాన్ని ఎలా ఎత్తుకోవాలో తెలియక బిక్కమొహం వేసిన మా ఆయన్ని చూశాడు.

"మెడ కింద సెయ్యెట్టు అల్లుడా. పద, బస్సెల్లిపోతాది" అన్నాడు.

అల్లుడా అన్నాడు. వాళ్ళిద్దరూ బస్సు కోసం వడివడిగా నడుస్తుంటే, నేను కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వెనక వెళ్ళాను.